కాగజ్‌నగర్ నుంచి జర్మనీకి 650 పాఠాలు

నర్సింగ్ చదివే అమ్మాయి ఉన్న ఇంట్లో విదేశాల ముచ్చట వస్తే మొదట వినిపించేది జీతం. జర్మనీలో నెలకు రెండున్నర లక్షలట, ఫలానా వాళ్ల బిడ్డ లండన్‌లో స్థిరపడిందట అని. జీతం మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ అంకెను అన్నిటికన్నా చివర చూడాలి. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: 650, 4,600, 22, 35,400. మొదటిది జర్మన్ భాషా పాఠాల సంఖ్య. రెండోది నర్సింగ్ శిక్షణ గంటలు. మూడోది బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్‌లో ఉండే ఇంటర్న్‌షిప్ వారాలు. నాలుగోది ఏజెంటుకు చట్టప్రకారం ఇవ్వదగ్గ గరిష్ఠ రుసుం, రూపాయల్లో. కాగజ్‌నగర్ నుంచి బయల్దేరే విద్యార్థి దారి బాగుంటుందా, అప్పులపాలవుతుందా అన్నది జీతం కన్నా ఈ నాలుగింటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఒకే జీతం మీద ఇల్లు నిలబడితే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు. సర్‌సిల్క్ మిల్లు ఎప్పుడో మూతపడింది. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, జేకే పేపర్ చేతికి వచ్చాక 2018లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెలు దశాబ్దాలుగా గల్ఫ్‌కు మగవాళ్లను పంపుతున్నాయి. ఏజెంటు అప్పు తీరడానికే మొదటి రెండేళ్ల సంపాదన పోయిన ఇళ్లు అక్కడ లెక్కకు మించి ఉన్నాయి. ఇప్పుడు అదే పాస్‌పోర్టు మాట ఆడపిల్లల చదువు చుట్టూ వినిపిస్తోంది. ఆ పాత తప్పులు వీళ్ల దాకా రాకూడదు.

అవసరం ప్రపంచమంతా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు. ఇంకా 58 లక్షల మంది కొరత ఉంది. ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు తాము పనిచేసే దేశంలో పుట్టినవారు కాదు. మన దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షల పైచిలుకు. ప్రభుత్వం చెప్పే లెక్కలో ప్రతి వెయ్యి మందికి సుమారు 1.96 మంది. జర్మనీలో అదే వెయ్యి మందికి 12 మంది దాకా ఉన్నారు. పన్నెండు మంది ఉన్న దేశం ఇద్దరు కూడా లేని దేశం నుంచి నర్సులను పిలుస్తోంది. ఈ సంగతికి చివర మళ్లీ వస్తాను.

విద్యార్థిగా కొన్ని నెలలు వెళ్లి చదివి రావడం, అక్కడే మూడేళ్ల శిక్షణ తీసుకోవడం, చదువు ముగించి ఉద్యోగానికి పోవడం. ఇవి మూడు వేర్వేరు దారులు. వీసా వేరు, ఖర్చు వేరు, చట్టం వేరు. కరపత్రాల్లో మాత్రం మూడింటినీ ‘ఇంటర్నేషనల్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం’ అన్న ఒకే పేరుతో అమ్ముతున్నారు. అందుకే విడివిడిగా చూద్దాం.

అసలైన విద్యార్థి మార్పిడికి పెద్ద దారి యూరప్ వారి ఎరాస్మస్. 1987లో యూరప్ దేశాల మధ్య మొదలైంది. ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ పేరుతో భారత్‌లాంటి దేశాల విద్యార్థులకూ తెరిచి ఉంది. సాధారణంగా 2 నుంచి 12 నెలలు. వెళ్లే దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల భత్యం ఇస్తారు. ఆతిథ్యమిచ్చే కళాశాల ట్యూషన్ ఫీజు తీసుకోదు. యూరోకు 90 రూపాయల లెక్కన చూసినా నెలకు 72 వేల నుంచి 81 వేలు. అయితే దీనికి విద్యార్థి సొంతంగా దరఖాస్తు పెట్టుకుంటే కుదరదు. ముందు రెండు విద్యాసంస్థల మధ్య ఒప్పందం ఉండాలి. నిధులకు యూరప్ కళాశాల దరఖాస్తు చేయాలి. ఆ తర్వాతే విద్యార్థుల ఎంపిక. కాబట్టి ‘డబ్బు కట్టండి, ఎరాస్మస్ సీటు ఇప్పిస్తాం’ అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేయొచ్చు. అడగాల్సింది కన్సల్టెన్సీని కాదు, మీ ప్రిన్సిపాల్‌ను.

ఇక్కడ 22 అన్న అంకె అడ్డం వస్తుంది. భారత నర్సింగ్ మండలి 2021లో మార్చిన పాఠ్యప్రణాళికలో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. చివరి సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్. వారానికి 48 గంటల చొప్పున మొత్తం 1,056 గంటలు. ప్రజారోగ్యం, పెద్దల వైద్యం, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, ప్రసూతి విభాగాలకు ఇన్నేసి వారాలని కేటాయింపు ఉంది. మధ్యలో రెండు నెలలు బయటి దేశంలో గడిపితే ఆ గంటలు లెక్కలోకి రావాలి. రాకపోతే తోటివాళ్లు పట్టా తీసుకునే వేళకు ఈ అమ్మాయి ఆ వారాలను మళ్లీ పూర్తి చేస్తూ ఉంటుంది. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ముందే రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఎవరూ ఈ పనికి దిగొద్దు. నోటిమాట సరిపోదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. జిల్లా పట్టణంలోని ఒక చిన్న కళాశాల ఒంటరిగా యూరప్‌తో ఒప్పందం చేసుకోవడం కష్టం. అక్కడి ఉత్తరప్రత్యుత్తరాలు చూసే మనిషే ఇక్కడి కళాశాలల్లో ఉండరు. అదే విశ్వవిద్యాలయం ఒక్క ఒప్పందం చేసుకుంటే దాని కింద ఉన్న కళాశాలలన్నిటికీ తలుపు తెరుచుకుంటుంది. 22 వారాల్లో ఎనిమిదింటిని విదేశీ ఆసుపత్రిలో చేసినా చెల్లుతుందని నిబంధన రాస్తే చాలు. కాగజ్‌నగర్, మంచిర్యాల పిల్లలు హైదరాబాద్ కార్పొరేట్ కళాశాలల పిల్లలతో సమానంగా పోటీ పడగలుగుతారు.

ఎక్స్ఛేంజ్ పేరుతో అమెరికాను చూపించేవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ గట్టిగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. జే-1 ఎక్స్ఛేంజ్ వీసాలో ఇంటర్న్, ట్రెయినీ విభాగాల కింద రోగులను తాకే పని, మందులు ఇచ్చే పని, వృద్ధుల సంరక్షణ పని చేయించడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. అంటే ‘జే-1 మీద ఆరు నెలలు నర్సుగా పని’ అన్న ప్రకటనే తప్పు. ఈ నిషేధం వెనక చరిత్ర ఉందనుకోవచ్చు. 1948లో అమెరికా మొదలుపెట్టిన ఎక్స్ఛేంజ్ విజిటర్ కార్యక్రమం కింద 1956, 1969 మధ్య 11 వేల మందికి పైగా ఫిలిప్పీన్స్ నర్సులు అమెరికా వెళ్లారు. చదువుకోవడానికి, అనుభవం కోసం అని పిలిచారు. చాలా ఆసుపత్రులు వాళ్లతో పూర్తిస్థాయి నర్సు చాకిరీ చేయించుకుని చేతిలో పెట్టింది స్టైపెండ్. ఎక్స్ఛేంజ్ అన్న పేరు చూసి నమ్మే ముందు, అక్కడ చేసే పని ఏమిటో, దానికి ఇచ్చేది జీతమో భత్యమో అడగాలన్నది అప్పటి నుంచీ నిలిచి ఉన్న పాఠం.

ఇక జర్మనీ. ఎక్కువ వివరం చెప్పుకోవాల్సింది ఇదే. 2022 డిసెంబర్ 5న భారత్, జర్మనీ వలసలు, రాకపోకల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2024 అక్టోబర్‌లో భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ ప్రకటించింది. నర్సింగ్‌కు సంబంధించి అక్కడికి రెండు దారులున్నాయి.

మొదటిది ఆస్‌బిల్డుంగ్. ఇంటర్ పాసైన వాళ్లు అక్కడే మూడేళ్లు నర్సింగ్ నేర్చుకోవడం. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జర్మన్ చట్టం ప్రకారం 2,100 గంటల తరగతి చదువు, 2,500 గంటల ఆసుపత్రి పని, కలిపి 4,600 గంటలు. నేర్చుకునే కాలమంతా భత్యం వస్తుంది. 2024 నాటి ప్రభుత్వరంగ వేతన ఒప్పందంలో మొదటి ఏడాది నెలకు 1,340 యూరోలు, రెండో ఏడాది 1,402, మూడో ఏడాది 1,503. ఆ తర్వాత కొంత పెరిగింది కూడా. పాత లెక్కనే వేసుకున్నా మూడేళ్లకు 50,940 యూరోలు, 90 చొప్పున 45 లక్షల 84 వేల రూపాయలు. ఈ అంకె చూసి కళ్లు చెదిరిపోనక్కర్లేదు. పన్ను, ఆరోగ్యబీమా, పింఛను కోతలు ఇందులోంచే. ఇంటి అద్దె, తిండి, చలికోట్లు కూడా ఇందులోంచే. మొదటి ఏడాది ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు. అయినా చదువుకు ఫీజు కట్టకుండా, తన ఖర్చు తాను పెట్టుకుంటూ చదివే అవకాశం మనదగ్గర ఎంతమందికి ఉంది? ఇంటర్ అయిపోయి ఇంకా ఏ కళాశాలలోనూ చేరని అమ్మాయికి ఇది మంచి దారి.

బీఎస్సీ పూర్తిచేసిన అమ్మాయికి మాత్రం కాదు. నాలుగేళ్లు చదివి మళ్లీ మూడేళ్లు అదే చదవమనడం అన్యాయం. ఏజెంటుకు సులువైన దారి కాబట్టి చాలామంది పట్టా ఉన్నవాళ్లకూ ఆస్‌బిల్డుంగే అంటగడుతున్నారు. వాళ్లకు సరైనది రెండో దారి: ఇక్కడి పట్టాకు అక్కడ గుర్తింపు తెచ్చుకోవడం. జర్మనీ ఉపాధి సంస్థ, ఆ దేశపు అంతర్జాతీయ సహకార సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే ట్రిపుల్ విన్ పథకం ఇదే పని చేస్తుంది. మన దేశంలో 2021 డిసెంబర్‌లో కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్‌తో మొదలైంది. తెలంగాణలో ఈ పథకానికి నర్సులను ఎంపిక చేసేది టామ్‌కామ్, అంటే రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. దాని కార్యాలయం హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. కేరళలో పథకం మొదలైనప్పటి ప్రకటనలో గుర్తింపు రాకముందు నెలకు 2,300 యూరోలు, వచ్చాక 2,800 యూరోలు అని ఉంది. ఇవి కోతలకు ముందు అంకెలు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎంపికైనందుకు అభ్యర్థి ఎవరికీ రుసుం కట్టనక్కర్లేదు. ఆ ఖర్చు యజమానిదే.

గుర్తింపు అంటే జర్మన్ అధికారులు మన మార్కుల జాబితా కాదు, గంటల జాబితా చూస్తారు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు. అందులో సగమైనా రోగుల దగ్గర చేసిందై ఉండాలి. ఏ వార్డులో ఎన్ని గంటలు చేశారన్నది కళాశాల ముద్రతో కాగితం మీద కనిపించాలి. లేకపోతే చేసిన పని కూడా చేయనట్టే. వృద్ధుల సంరక్షణలాంటి విభాగాల్లో గంటలు తగ్గితే అక్కడ అదనపు శిక్షణో, పరీక్షో తప్పదు. క్లినికల్ లాగ్‌బుక్‌ను ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు రాత్రి కూర్చుని నింపే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ అలవాటు ఖరీదు జర్మనీ చేరాక నెలల్లో కట్టాల్సి వస్తుంది. ఇంకో మాట. మనదగ్గర రోగికి ఒళ్లు తుడవడం, తినిపించడం, మంచం మీద తిప్పి పడుకోబెట్టడం బంధువులో ఆయమ్మో చేస్తారు. జర్మనీలో అది నర్సు పనే. ఇంట్లోవాళ్లు రోగి పక్కన రాత్రంతా కూర్చునే పద్ధతి అక్కడ లేదు. ముందే తెలిసి వెళ్లిన అమ్మాయికి అది చిన్నతనంగా అనిపించదు.

ఇప్పుడు 650. గోథే ఇన్‌స్టిట్యూట్ చెప్పే లెక్కలో, 45 నిమిషాలను ఒక పాఠం అనుకుంటే, మధ్యస్థాయి అయిన బీ1కు మొత్తం 350 నుంచి 650 పాఠాలు, దాని పై మెట్టు బీ2కు 600 నుంచి 800 పాఠాలు పడతాయి. జర్మన్ ముక్క కూడా రాని, ఇంగ్లిష్‌లో కూడా తడబడే విద్యార్థికి పై అంకె పట్టుకోవడమే మంచిది. రోజుకో పాఠం చొప్పున వారానికి ఐదు రోజులైతే 650 పాఠాలకు 130 వారాలు, అంటే రెండున్నరేళ్లు. రెండో ఏడాది మొదట్లో మొదలుపెట్టిన బీఎస్సీ విద్యార్థి పట్టా చేతికొచ్చే వేళకు బీ1 దాటి ఉంటుంది. చదువయ్యాక మొదలుపెడితే వారానికి 25 పాఠాల చొప్పున 26 వారాలు హైదరాబాద్‌లో ఉండి నేర్చుకోవాలి. ఆరు నెలల హాస్టల్ అద్దె, ఆరు నెలలు సంపాదన లేకపోవడం. వార్డులో నిలబడి నర్సుగా పనిచేయడానికి ఎక్కువచోట్ల బీ2 కావాలి కాబట్టి ఆ తర్వాతా చదువు ఆగదు. పేద ఇంటి పిల్ల ఈ దశలోనే వెనక్కి తగ్గుతుంది. అప్పు చేసి ఏజెంటు దగ్గరికి వెళ్లేదీ ఈ దశలోనే.

భాష అనగానే ‘మా పిల్లకు ఇంగ్లిషే సరిగ్గా రాదు, జర్మన్ ఎక్కడొస్తుంది’ అని తల్లిదండ్రులు అంటారు. కాగజ్‌నగర్‌లో ఈ మాట చెల్లదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, హిందీ, ప్రాణహిత దాటితే మరాఠీ, నజ్రుల్‌నగర్‌లో బెంగాలీ, ఏజెన్సీ గూడేల్లో గోండి. ఇన్ని భాషలు చెవిన పడుతూ పెరిగిన పిల్లలు వీళ్లు. ఇంకొకటి నేర్చుకునే శక్తి ఉంది. లేనిది నేర్పే చోటు. హైదరాబాద్‌లో గోథే జెంత్రుమ్ ఉంది. అది ఇక్కడికి రైల్లో సుమారు 300 కిలోమీటర్లు.

జపాన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. 2019 ఏప్రిల్‌లో ఆ దేశం ‘ప్రత్యేక నైపుణ్య కార్మికుల’ వీసా మొదలుపెట్టింది. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో టామ్‌కామ్ జపాన్ సంస్థలతో 500 ఉద్యోగాలకు ఒప్పందం చేసుకుంది. అందులో 200 నర్సింగ్ రంగానివి. అదే ఏడాది ఆగస్టులో రెండు దేశాలూ ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. భారత్ నుంచి వెళ్లే నిపుణులు అందులో 50 వేలు. అంకెలు బాగున్నాయి. కానీ ఆ ప్రత్యేక నైపుణ్య వీసా మీద వెళ్లేవారు అక్కడ చేసేది వృద్ధుల సంరక్షణ, నర్సు ఉద్యోగం కాదు. జపనీస్‌లో ఎన్4 స్థాయి, సంరక్షణ నైపుణ్య పరీక్ష, సంరక్షణ భాషా పరీక్ష పాసైతే గరిష్ఠంగా ఐదేళ్లు ఉండొచ్చు. నర్సుగా లైసెన్సు కావాలంటే జపనీస్‌లో జాతీయ పరీక్ష రాయాలి, దానికి ఎంతో పైస్థాయి భాష కావాలి. ఏఎన్ఎం, జీఎన్ఎం చదివిన అమ్మాయి అన్నీ తెలిసి ఒప్పుకుంటే తప్పులేదు. బీఎస్సీ చదివిన అమ్మాయి మాత్రం ఆ ఐదేళ్లను నర్సు అనుభవం కింద తర్వాత ఎక్కడా చూపించుకోలేకపోవచ్చని తెలుసుకుని సంతకం చేయాలి.

బ్రిటన్ దారి చదువు ముగిసినవాళ్లకే. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో 7, రాతలో మాత్రం 6.5 చాలు. తర్వాత అర్హతల పరిశీలనకు 140 పౌండ్లు, కంప్యూటర్ పరీక్షకు 83, అక్కడికెళ్లి రాసే ప్రాక్టికల్ పరీక్షకు 794, నమోదుకు 153. మొత్తం 1,170 పౌండ్లు. ఇందులో కొంత యజమాని తిరిగిచ్చే ఒప్పందాలు ఉంటాయి, అడిగి రాయించుకోవాలి.

ఇక డబ్బు లెక్క. భారత వలస నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుం గరిష్ఠంగా 30,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,400. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. అంతకు మించి అడిగే ప్రతి రూపాయీ చట్టవిరుద్ధం. కొచ్చిలో 2015లో బయటపడ్డ కేసు దేశాన్ని నివ్వెరపరిచింది. కువైట్ వెళ్లే నర్సుల దగ్గర 19,500 తీసుకోవాల్సినచోట 19 లక్షల 50 వేలు వసూలు చేశారు, సరిగ్గా వంద రెట్లు. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం తెచ్చింది. టామ్‌కామ్ అలాంటి సంస్థల్లో ఒకటి. పదో తరగతి పాసై ఎమిగ్రేషన్ చెక్ అవసరం లేని పాస్‌పోర్టు ఉన్నా నర్సుల విషయంలో ఈ నియమం వర్తిస్తుంది. విజిటింగ్ వీసా మీద పంపుతామనేవాళ్లు తప్పించుకోవాలని చూసేది దీన్నే. స్టడీ కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఉద్యోగాలకు పంపే అధికారం రాదు. ఆ అధికారం ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. పాస్‌పోర్టుకు ప్రభుత్వ రుసుం 1,500 రూపాయలు, సేవా కేంద్రం కరీంనగర్‌లోనే ఉంది. అందుకూ దళారి అవసరం లేదు.

విదేశీ విద్యకు రాష్ట్రంలో ఇప్పటికే పథకాలున్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్నది, మైనారిటీలకు మరొకటి. ఒక్కొక్కటీ 20 లక్షల దాకా ఇస్తాయి. అంబేద్కర్ నిధికి డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి. అర్హత ఉన్న డిగ్రీల్లో నర్సింగ్ కూడా ఉంది. ఆ సంగతి చాలామంది నర్సింగ్ విద్యార్థులకు చెప్పేవాళ్లు లేరు. అయితే ఇవన్నీ పీజీ, ఆపై చదువులకు. రెండు నెలల విద్యార్థి మార్పిడికీ, భాష నేర్చుకోవడానికీ ఇందులోంచి సహాయం అందదు. ఒకరికి ఇచ్చే 20 లక్షలను 35 మందికి పంచితే తలా 57 వేల పైచిలుకు. ఊళ్లోనే ఉండి భాష నేర్చుకునే పిల్లకు ఆ సొమ్ము చాలా పెద్ద ఆసరా. పీజీ పథకం తగ్గించమని నేననను. పక్కన ఇంకో చిన్న పద్దు పెట్టమంటున్నాను.

వెయ్యి మందికి పన్నెండు మంది నర్సులు ఉన్నచోటికి ఇద్దరు కూడా లేనిచోటి నుంచి ఎందుకు పంపాలన్న ప్రశ్నకు వద్దాం. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన నియమావళి ఈ బాధ్యతను పిలిచే దేశం మీద కూడా పెట్టింది. కొరత ఉన్న దేశాల నుంచి తీసుకుంటే అక్కడి శిక్షణకూ ఎంతో కొంత తోడ్పడాలని చెబుతుంది. ఆసిఫాబాద్ జిల్లాలో తిర్యాణి, జైనూర్, కెరమెరి గూడేల్లో నర్సు అవసరం ఏ జర్మన్ పట్టణం కన్నా తక్కువ కాదు. కానీ ఆ భారాన్ని ఇరవై రెండేళ్ల పిల్ల భుజం మీద పెట్టి ఆమెను ఆపడం న్యాయం కాదు. ఇక్కడ కాంట్రాక్టు జీతంతో ఏళ్ల తరబడి పనిచేయించుకుంటూ, వెళ్లిపోతున్నారని బాధపడే హక్కు మనకు లేదు. వెళ్లి వచ్చినవాళ్లకు సర్వీసులో గౌరవం, రెగ్యులర్ పోస్టు దొరికేలా చేస్తే తిరిగి వచ్చేవాళ్లు ఉంటారు.

కాబట్టి జిల్లా యంత్రాంగానికి, టామ్‌కామ్‌కు ఒక్కటే విన్నపం. కాగజ్‌నగర్‌లో గానీ ఆసిఫాబాద్‌లో గానీ సాయంత్రం పూట జర్మన్, జపనీస్ తరగతి ఒకటి పెట్టండి. గురువు ఇక్కడికి రాలేకపోతే ఆన్‌లైన్‌లో చెప్పించండి, కూర్చునే గదీ ఇంటర్నెట్టూ ఇక్కడ ఇవ్వండి. విద్యార్థులకు చెప్పేది కూడా కొంచెమే. ఈ నెలలోనే మీ లాగ్‌బుక్‌లో వార్డులవారీగా గంటలు రాసి సంతకం చేయించుకోండి. మొదటి పాఠం మొదలుపెట్టండి. 35,400కు మించి ఎవరడిగినా కట్టొద్దు, మీ అమ్మానాన్నలను కట్టనివ్వొద్దు.